గేటు మూశాక వినకూడని మాటలు

గార్మెంట్స్ గేటుకు తాళం పడ్డ రోజు నుంచి అందులో కుట్టిన ఆడవాళ్లకు సలహా చెప్పనివాళ్లుండరు. హెచ్.ఆర్. ఆయన ఒకటి చెబుతాడు. ఇంటాయన ఒకటి, ఇంటి ఓనరమ్మ ఒకటి, గ్రూపు లోను కంతు వసూలుకొచ్చిన కుర్రాడు మరొకటి. వాటిలో కొన్ని కంపెనీ మేలు కోరి చెప్పేవి. చాలావరకు మాత్రం మంచి మనసుతో చెప్పేవే. ఎక్కువ నష్టం చేసేవీ అవే, వాటిని అనుమానించాలని ఎవరికీ తోచదు కాబట్టి. అలా ప్రతి మూసివేతలోనూ వినిపించే తప్పుడు సలహాల్ని ఇక్కడ పోగుచేసి, ఏది ఎక్కడ ముంచుతుందో, దాని బదులు ఏం చెయ్యాలో రాస్తున్నాను.

ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. 2020 జూన్ 6న కర్ణాటకలోని మండ్య జిల్లా శ్రీరంగపట్నంలో గోకల్‌దాస్ ఎక్స్‌పోర్ట్స్ వాళ్ల యూరో క్లోతింగ్ కంపెనీ-2 అనే యూనిట్ సుమారు 1,200 మందిని ఒక్కసారిగా లేఆఫ్‌లో పెట్టింది. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. అక్కడ కుట్టినవి ఎచ్ అండ్ ఎమ్ బట్టలు. కోవిడ్‌తో ఆర్డర్లు పడిపోయాయని కంపెనీ చెప్పింది. కంపెనీకున్న యూనిట్లన్నింటిలో గార్మెంట్ అండ్ టెక్స్‌టైల్ వర్కర్స్ యూనియన్ బలంగా ఉన్నది ఇక్కడే, అందుకే దీన్నే ఎంచుకున్నారని కార్మికులు చెప్పారు. వంద మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో లేఆఫ్‌కైనా మూసివేతకైనా ప్రభుత్వం నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలని అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉంది. ఆ అనుమతి ఏదని యూనియన్ అడిగింది. ఆడవాళ్లు ఫ్యాక్టరీ దగ్గరే బైఠాయించారు. యాభై రోజుల దాకా కదల్లేదు.

బెంగళూరు గార్మెంట్స్‌లో హిందూపురం, చిత్తూరు వైపు నుంచి వెళ్లిన మనవాళ్లు ఎందరో ఉన్నారు. హిందూపురం చుట్టుపక్కలా, విశాఖ దగ్గర అచ్యుతాపురంలోనూ వేలమంది ఇదే మిషను ముందు కూర్చుంటున్నారు. శ్రీరంగపట్నంలో జరిగింది వాళ్లలో ఎవరికైనా రేపు జరగవచ్చు.

“అక్కా, రాజీనామా రాసిచ్చి చెక్కు తీసుకో. ఇంకా ఆగితే అదీ రాదు”

అన్నింటికన్నా ప్రమాదమైన మాట ఇది. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

యజమాని తాళం వేసినంత మాత్రాన చట్టం దృష్టిలో ఫ్యాక్టరీ మూతపడదు. దానికి నోటీసు ఇవ్వాలి, పెద్ద ఫ్యాక్టరీ అయితే అనుమతి అడగాలి, అందరికీ పరిహారం కట్టాలి. ఇవేవీ లేకుండా పని పూర్తి కావాలంటే ఉన్న దారి ఒక్కటే: ఒక్కొక్కరి చేత “నా ఇష్టపూర్వకంగా ఉద్యోగం మానేస్తున్నాను” అని రాయించుకోవడం. వెయ్యి మంది వెయ్యి కాగితాలు రాసిస్తే, తీసివేతకు గురైనవాళ్లంటూ ఎవరూ మిగలరు. మానేసినవాళ్లే మిగులుతారు. ఇష్టపూర్వకంగా మానేసినవాళ్లకు తొలగింపు పరిహారం రాదు.

లెక్క వేసి చూద్దాం. నెలకు 12,000 జీతంతో ఎనిమిదేళ్లు పనిచేసిన టైలర్ ఉందనుకోండి. ఆమె గ్రాట్యుటీ ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కిస్తే, సుమారు 55,000 అవుతుంది. ఇది ఐదేళ్లు నిండినవాళ్లకు రాజీనామా చేసినా వస్తుంది. ఆఖరి నెల జీతం, మిగిలిన సెలవుల డబ్బు కూడా అంతే. పీఎఫ్ ఎలాగూ ఆమెదే. హెచ్.ఆర్. గదిలో చూపించే ‘ఫుల్ అండ్ ఫైనల్’ మొత్తంలో దాదాపుగా ఉండేవి ఇవే. ఆమె డబ్బునే ఆమెకు బహుమానంలా చూపిస్తున్నారు. రాజీనామా వల్ల పోయేది వేరే ఉంది. పూర్తయిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు జీతం చొప్పున రావలసిన మూసివేత పరిహారం, అంటే ఇంచుమించు 48,000, దానితోపాటు నోటీసు కాలపు జీతం. 2025 నవంబరులో అమలుకొచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి కింద, మూసివేత కాకుండా మనుషుల్ని తగ్గించడానికి తొలగిస్తే, తొలగించిన ప్రతి కార్మికురాలి పేరిట యజమాని మరో పదిహేను రోజుల జీతం నైపుణ్య నిధికి కట్టాలి, అది 45 రోజుల్లో ఆమె ఖాతాలో పడాలి. రాజీనామా చేసిన మనిషికి అదీ లేదు.

“కంపెనీ నష్టాల్లో ఉంది, ఇవన్నీ ఎక్కడ కడుతుంది” అని కూడా అంటారు. యజమాని చేతిలో లేని, తప్పించుకోలేని పరిస్థితుల్లో మూసేస్తే పరిహారాన్ని మూడు నెలల జీతానికి పరిమితం చేసే వెసులుబాటు చట్టంలో ఉన్నమాట నిజం. డబ్బు ఇబ్బందులు, నష్టాలు, సరుకు అమ్ముడుపోక పేరుకుపోవడం, లీజు ముగియడం ఆ లెక్కలోకి రావని కూడా అదే చట్టం రాసింది. ఆ రెండో వాక్యం గేటు దగ్గర ఎవరూ చదివి వినిపించరు. మీరు చదివి వినిపించండి.

హెచ్.ఆర్. గదికి ఒంటరిగా వెళ్లకండి. పిలిచింది ఒకరినైనా ఇద్దరు వెళ్లండి. కాగితం కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉండి మీకు చదవడం రాకపోతే సంతకం పెట్టకండి. ఇంటికి తీసుకెళ్లి చదివించుకుంటానని చెప్పండి. ఇవ్వనంటే ఫోన్లో ఫోటో తీసుకోండి. ఖాళీ కాగితం మీద, రెవిన్యూ స్టాంపు అంటించిన తెల్ల కాగితం మీద ఎట్టి పరిస్థితిలోనూ సంతకమైనా వేలిముద్రైనా పెట్టకండి. డబ్బు తీసుకోక తప్పని పరిస్థితి వస్తే, సంతకం పక్కనే మీ చేత్తో “నిరసనతో తీసుకుంటున్నాను, మిగతా హక్కులు వదులుకోవడం లేదు” అని తెలుగులోనే రాసి, ఆ కాగితాన్ని ఫోటో తీసుకోండి. కంపెనీ తనంతట తాను ఖాతాలో డబ్బు వేసేస్తే భయపడి తిప్పిపంపనక్కర్లేదు. పడిన మొత్తం పాక్షికమేనని ఒక ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి.

ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లుంటారు. వాళ్లను దూరం పెట్టకండి, వాళ్లు మీవాళ్లే. ఒత్తిడి చేసి పెట్టించుకున్నారని వెంటనే, రోజుల్లోనే, కంపెనీకీ కార్మిక శాఖ అధికారికీ రిజిస్టర్డ్ పోస్టులో రాయించండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ మాటకు బలం తగ్గుతుంది.

శ్రీరంగపట్నంలో యాభై రోజుల తరవాత జరిగింది ఇదే. చాలామంది చివరికి రాజీనామాలు ఇచ్చారు. బలవంతం చేశారని యూనియన్ అంది. నేను వాళ్లను ఒక్క మాట అనను. జీతం లేదు, కంతులు ఆగవు, అద్దె ఆగదు. లాక్‌డౌన్ తరవాతి రోజులు, ఊరికి వెళ్లినా పని లేదు. యాభై రోజులు నిలబడ్డవాళ్లలో ధైర్యం లోపించిందని ఎవరనగలరు? లోపించింది బియ్యం, అద్దె. వాళ్లకు తోడు నిలబడాలనుకున్న బయటివాళ్లు ముందు ఆలోచించాల్సింది అదే. దాని దగ్గరికి వస్తాను.

“కుట్టుపని తెలిసినదానివి, ఇంకో గార్మెంట్స్ చూసుకో”

ఇరవై రెండేళ్ల పిల్లకు ఇది సలహానే. ముప్పై ఎనిమిదేళ్ల ఆడమనిషికి కాదు. ఆ వయసువాళ్లను కొత్త గేటు దగ్గర టెస్టు పీసు కూడా కుట్టనివ్వకుండా వెనక్కి పంపే ఫ్యాక్టరీలున్నాయి. తీసుకున్నా పదేళ్ల సర్వీసు సున్నా అవుతుంది, గ్రాట్యుటీ లెక్క మళ్లీ మొదటి నుంచి.

అయినా వెళ్లక తప్పనివాళ్లు వెళతారు. వాళ్లను ద్రోహులనడం పోరాటం చేసుకునే పెద్ద తప్పు. వేరేచోట చేరినంత మాత్రాన మూసేసిన కంపెనీ ఇవ్వాల్సిన పరిహారం పోదు. వాళ్లు పోగొట్టుకోకూడని కాగితాలు ఉన్నాయంతే. వెళ్లేవాళ్ల పేరు, పీఎఫ్ యూఏఎన్ నంబరు, చేరిన తేదీ మీ పోరాట కమిటీ పుస్తకంలో రాయించి పంపండి. పీఎఫ్ ఖాతాలో కంపెనీ వేసిన నిష్క్రమణ తేదీ సరైనదేనా చూసుకోమనండి. అసలు తేదీకన్నా ముందుది వేస్తే సర్వీసు తగ్గుతుంది.

“మిషన్లు వాళ్లవి, తీసుకుపోతే మనకేం”

మిషన్లు వాళ్లవే. ఎప్పుడు పోతున్నాయి, ఎక్కడికి పోతున్నాయి అన్నది మీ విషయం. మూసివేత ఎప్పుడూ నోటీసు బోర్డు మీద మొదలవదు. ఒక లైనులో ఓవర్‌లాక్ మిషన్లు రిపేరుకని బయటికి వెళతాయి, వెనక్కి రావు. కటింగ్ సెక్షన్‌కు గుడ్డ రావడం తగ్గుతుంది. కొత్త స్టైలు శాంపిల్ రాదు. హెల్పర్లను మానిపిస్తారు, ఖాళీలు నింపరు. శ్రీరంగపట్నంలోనూ మిషన్లు తరలించడం చూసే కార్మికులు మేలుకుని అడ్డుపడ్డారు.

మనుషులు తగ్గడాన్ని ప్రత్యేకంగా గమనించాలి. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల స్మృతి అమలుకొచ్చింది. మూసివేతకు ముందస్తు అనుమతి అవసరమయ్యే గీత 100 మంది నుంచి 300కు జరిగింది. అంటే 280 మందితో నడిచే గార్మెంట్స్‌ను అరవై రోజుల నోటీసు, పరిహారంతో మూసేయవచ్చు, ఎవరినీ అనుమతి అడగనక్కర్లేదు. ఇది కార్మికులకు జరిగిన నిజమైన నష్టం, దీన్ని సంస్కరణ అని పిలవడం నాకు చేతకాదు. అయితే ఆ 300 లెక్క మూసిన రోజుది కాదు, అంతకు ముందు పన్నెండు నెలల సగటు. ఆరు నెలలుగా మనుషుల్ని తగ్గించుకుంటూ వచ్చి “మేం 290 మందిమే” అంటే, పోయిన ఏడాది ఎన్ని లైన్లు నడిచాయో, ఏ లైనులో ఎందరున్నారో రాసిపెట్టుకున్న పుస్తకం మీ దగ్గర ఉండాలి. లైను లీడర్లకు ఇది తెలుసు. ఇప్పుడే రాయండి, మూశాక గుర్తుండదు.

సరుకు, మిషన్లు కదిలితే లారీ నంబరు, తేదీ, టైము రాసి ఫోటో తీసి కార్మిక శాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. చేతికి ముద్ర పడిన నకలు తీసుకోకుండా అక్కడి నుంచి కదలకండి. ఒక్క మిషనుకైనా దెబ్బ తగలనివ్వకండి. కంపెనీ దివాలా తీస్తే, 2016 దివాలా చట్టం కింద అంతకు ముందు 24 నెలల కార్మికుల బకాయిలకు తాకట్టు పెట్టుకున్న బ్యాంకుతో సమానమైన స్థానం ఉంది. అది దానంతట అదే చేతికి రాదు. బకాయిదారులుగా మీరు ఆధారాలతో దరఖాస్తు పెట్టాలి. అప్పుడు పే స్లిప్పులు, ఐడీ కార్డు, అపాయింట్‌మెంట్ లెటరు, ఈఎస్‌ఐ నంబరు మాట్లాడతాయి.

“బ్రాండువాళ్లు ఎక్కడో ఉంటారు, వాళ్లకు మనమెవరమో కూడా తెలీదు”

తెలియజేయండి. గార్మెంట్స్ పోరాటాల్లో నేను చదివినంతలో అడుగడుగునా పనికొచ్చిన ఆయుధం ఇదే.

హోండురాస్‌లోని చొలోమాలో జెర్జీస్ దె హోండురాస్ అనే ఫ్యాక్టరీ 2009 జనవరిలో మూతపడింది. యజమాని రస్సెల్ అథ్లెటిక్. యూనియన్ పెట్టుకున్నందుకే మూశారని కార్మికులు చెప్పారు. ఆ కంపెనీ అమెరికా యూనివర్సిటీల పేర్లు, గుర్తులు వేసిన బట్టలు అమ్ముకుంటుంది. అక్కడి విద్యార్థులు ఒక్కో యూనివర్సిటీ పాలకవర్గం దగ్గరికి వెళ్లి ఒప్పందం రద్దు చెయ్యమని అడిగారు. వంద దాకా యూనివర్సిటీలు రద్దు చేశాయి. అదే ఏడాది నవంబరులో రస్సెల్ 1,200 మందిని తిరిగి తీసుకోడానికి, కొత్త ఫ్యాక్టరీ తెరవడానికి, యూనియన్‌ను గుర్తించడానికి ఒప్పుకుంది.

ఇండొనేసియాలో పీటీ కిజోన్ యజమాని 2011లో పారిపోయాడు. 2,700 మందికి పైగా కార్మికుల పరిహారం ఎగ్గొట్టాడు. అడిడాస్ మొదట తనకు సంబంధం లేదంది. రెండేళ్ల ఒత్తిడి తరవాత 2013లో కార్మికులతో ఒప్పందానికొచ్చింది. థాయ్‌లాండ్‌లో 2021 మార్చిలో బ్రిలియంట్ అలయెన్స్ అనే లోదుస్తుల ఫ్యాక్టరీ 1,250 మందిని పైసా పరిహారం లేకుండా వదిలేసింది. ఏడాది పైగా పోరాడాక, 2022లో విక్టోరియాస్ సీక్రెట్ బ్రాండు ఆ ఫ్యాక్టరీ యజమానికి అప్పిచ్చి 83 లక్షల డాలర్లు కట్టించింది. ఇస్తాంబుల్‌లో బ్రావో టెక్స్‌టైల్ రాత్రికి రాత్రి మూతపడితే, 2017లో ఆ కార్మికులు జారా షాపుల్లోకి వెళ్లి వేలాడే బట్టల జేబుల్లో చీటీలు పెట్టారు: ఇది కుట్టింది మేము, మాకు జీతం ఇవ్వలేదు అని.

వీటన్నింటిలోనూ కార్మికుల దగ్గర ఒక రుజువు ఉంది, ఫలానా బ్రాండు బట్ట మేమే కుట్టామన్న రుజువు. మీ దగ్గర అది ఉందా? మెడ దగ్గర కుట్టే మెయిన్ లేబులు, ఉతికే పద్ధతి రాసే కేర్ లేబులు, ధర ట్యాగు, బండిల్ కార్డు మీద స్టైలు నంబరు, అట్టపెట్టె స్టిక్కరు మీద పీవో నంబరు. ప్యాకింగ్ సెక్షన్ వాళ్లకు ఇవన్నీ కంఠతా వచ్చి ఉంటాయి. ఫోన్లు లోపలికి తేనివ్వని చోట పుస్తకంలో రాసుకోండి. ఎచ్ అండ్ ఎమ్ 2013 నుంచి తనకు కుట్టే ఫ్యాక్టరీల జాబితా బయటపెడుతోంది. ఇంకా చాలా బ్రాండ్లు అదే చేస్తున్నాయి. మీ ఫ్యాక్టరీ పేరు అందులో ఉందేమో చదువుకునే పిల్లల చేత వెతికించండి. ఎచ్ అండ్ ఎమ్‌కు 2015 నుంచి ఇండస్ట్రీఆల్ అనే అంతర్జాతీయ కార్మిక సమాఖ్యతో ఒప్పందం ఉంది. శ్రీరంగపట్నం కార్మికులు తాము కుట్టిన లేబులునే పట్టుకుని బ్రాండును నిలదీశారు.

పక్క ఫ్యాక్టరీవాళ్ల సాయం ఇక్కడే కావాలి. మీ ఆర్డరు గాలిలోకి పోదు, అదే కంపెనీ ఇంకో యూనిట్‌కు వెళుతుంది. “ఆర్డర్లు లేవు” అని మీకు చెప్పిన నెలలోనే మీ స్టైలు నంబరు అక్కడి లైనులో కనిపిస్తే, ఆ ఒక్క సమాచారం పది ధర్నాల పెట్టు. అది చెప్పడానికి వాళ్లు సమ్మె చెయ్యనక్కర్లేదు, ఉద్యోగం పణంగా పెట్టనక్కర్లేదు.

“యూనియన్ పెట్టుకున్నారు కాబట్టే మూశారు. ఇప్పటికైనా వదిలేయండి”

మూసింది అందుకే అని ఒప్పుకుంటున్నారన్నమాట. అయితే వదలకూడనిది కూడా అదే. యూనియన్ లేకుండా మూసిన ఫ్యాక్టరీల పేర్లు మనకు తెలియవు, అక్కడివాళ్ల మాట బయటికి రాలేదు గనక. శ్రీరంగపట్నం పేరు తెలుస్తోందంటే అక్కడ యూనియన్ ఉంది గనక.

“రాత్రిళ్లు గేటు దగ్గర ఆడవాళ్లేమిటి? మగవాళ్లను మాట్లాడనివ్వండి”

ఇంటాయన భయంతో అంటాడు, అత్తగారు పరువు కోసం అంటుంది. బెంగళూరులో 2016 ఏప్రిల్ 18, 19 తేదీల్లో ఏం జరిగిందో వాళ్లకు చెప్పండి. పీఎఫ్‌లో యజమాని వాటాను 58 ఏళ్లు నిండేదాకా తీసుకోకుండా కేంద్రం నియమం మార్చింది. కూతురి పెళ్లికో, అప్పు తీర్చడానికో ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకున్న గార్మెంట్స్ ఆడవాళ్లు వేలమంది హోసూరు రోడ్డు మీదికి వచ్చేశారు. పెద్ద నాయకులెవరూ పిలుపునివ్వలేదు. రెండో రోజే అప్పటి కేంద్ర కార్మిక మంత్రి, మన హైదరాబాదు బండారు దత్తాత్రేయ, ఆ నియమాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. దేశంలో కోట్లమంది పీఎఫ్ ఖాతాదారులకు మేలు చేసింది ఆ ఆడవాళ్లు. ఆ రెండో రోజునే బస్సులు తగలబడ్డాయి, లాఠీలు విరిగాయి. అందుకే గేటు దగ్గర మీ మనుషుల్ని మీరే గుర్తుపట్టేలా కూర్చోండి. ముందుగా పోలీస్ స్టేషనులో రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోండి. తెలియని మొహం రాయి తీస్తే అక్కడికక్కడే ఆపండి.

మిగతావి ఇంటి పనులంత మామూలు విషయాలే, వాటితోనే ధర్నాలు నిలుస్తాయి, కూలుతాయి. రాత్రికి మరుగుదొడ్డి ఎవరింట్లో? పసిపిల్లల్ని ఎవరు చూస్తారు? నెలసరిలో ఉన్నవాళ్లకు, బాలింతలకు వంతు తప్పించారా? వంతుల పట్టిక గోడకు అంటించండి. మగవాళ్లు రావాలనుకుంటే రమ్మనండి, వంట చెయ్యమనండి, పిల్లల్ని బడికి దింపమనండి. మైకు మాత్రం మిషను ముందు కూర్చున్నవాళ్ల చేతిలోనే ఉండాలి. కార్మిక శాఖలో చర్చలకు వెళ్లే బృందంలో కూడా వాళ్లే ఉండాలి.

“బాయ్‌కాట్ చేద్దాం!”

ఇప్పటిదాకా రాసింది కార్మికులకు. ఇది మనకు, అంటే ఆ చొక్కా కొనుక్కునేవాళ్లకు, సాయపడాలని మనసున్నవాళ్లకు.

వార్త చదివి కోపమొచ్చి బ్రాండును బహిష్కరించమని పిలుపునివ్వడం మనకు తేలిక. ఆర్డర్లు పడిపోతే మొదట ఆగేది ఇంకో ఊళ్లోని ఇంకో లైను. అక్కడున్నదీ ఇలాంటి ఆడమనిషే. కార్మికులు అడిగితే చెయ్యండి, ఏ యూనివర్సిటీ, ఏ షాపు, ఏ తేదీదాకా అని వాళ్లు చెప్పినట్టు చెయ్యండి. హోండురాస్‌లో విద్యార్థులు కార్మికుల్ని తమ కాలేజీలకు పిలిపించుకుని, వాళ్లేం కోరుతున్నారో విని, అది అడిగారు. అందుకే అది ఫలించింది.

“మీకు తోడున్నాం” అని ఫోటో దిగి వెళ్లడం కూడా అంతే. రాజీనామా ఎందుకు పెడతారో పైన రాశాను. ఒక కుటుంబానికి నెలకు పాతిక కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, ఒక అద్దె. వంద మందికి రెండు నెలలు అది అందితే వంద సంతకాలు ఆగుతాయి. ఇంతకన్నా పెద్ద సంఘీభావం నాకు తెలియదు. గ్రూపు లోను కంపెనీ ఆఫీసుకు నలుగురు పెద్దమనుషులు వెళ్లి, వాయిదాలు మూడు నెలలు వెనక్కి జరపమని కార్మికుల తరఫున అడగండి. ఇంటి ఓనర్లతో మాట్లాడండి. బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లు ఇంకోటి చెయ్యగలరు: హెచ్.ఆర్. కాగితాన్ని కన్నడం నుంచో ఇంగ్లీషు నుంచో తెలుగులోకి చదివి చెప్పడం. ఒక ఆదివారం నలుగురు గేటు దగ్గర బెంచీ వేసుకుని కూర్చుంటే చాలు. వకీళ్లు గ్రాట్యుటీ ఫారాలు నింపి పెట్టండి. విలేకరులు మొదటి రోజు రాస్తారు, నలభయ్యో రోజున కూడా రాయండి. సంతకాల ఒత్తిడి పెరిగేది అప్పుడే.

డబ్బు పోగైతే లెక్క రోజూ సాయంత్రం గేటు దగ్గర చదవాలి. డబ్బు దగ్గర అనుమానం వస్తే యజమాని చేయలేని పని మనమే చేసినట్టవుతుంది.

“కోర్టులో వేశాం కదా, ఇక ఇళ్లకు పోండి”

కేసు వెయ్యాలి, అదీ త్వరగా. తొలగింపు మీద ఫిర్యాదుకు గడువులున్నాయి, అవి దాటితే ఎంత న్యాయమైనదైనా వినరు. ముగిసిన ఉద్యోగానికి జీతం బకాయి రెండు పనిదినాల్లో, గ్రాట్యుటీ ముప్పై రోజుల్లో ఇవ్వాలని చట్టం. ఆ తేదీలు దాటిన మరుసటి రోజే దరఖాస్తు పడాలి. అయితే కేసు నడిచే ఏళ్లలో మనుషులు ఊళ్లకు చెదిరిపోతారు, ఫోన్ నంబర్లు మారిపోతాయి. కేసు గెలిచినా తీసుకోడానికి మనిషి దొరకని సందర్భాలు వస్తాయి. కాబట్టి ధర్నా ముగిసినా నెలకోసారి కలవండి, ఎవరి ఊరు ఏదో, ఏ నంబరులో దొరుకుతారో రాసుకోండి.

శ్రీరంగపట్నం కథ రాజీనామాలతో ఆగలేదు. యూనియన్ వదల్లేదు, అంతర్జాతీయ సమాఖ్య వదల్లేదు. 2021 ఫిబ్రవరిలో యూనియన్‌ను గుర్తించడానికి, పని పోయినవాళ్లను తిరిగి తీసుకోడానికి కంపెనీ ఒప్పందం రాసింది. తాళం పడ్డ ఎనిమిది నెలలకు. రాజీనామా చేసిన మనిషి కథ ముగిసినట్టే అనే సలహాకు అంతకన్నా మంచి జవాబు లేదు.

మీకూ అలాంటి రోజు వస్తే, ఒప్పందాన్ని కార్మిక శాఖ అధికారి సమక్షంలో రాజీ చర్చల్లోనే రాయించుకోండి. బయట ఇద్దరి మధ్య రాసుకున్నది సంతకం పెట్టినవాళ్లకే వర్తిస్తుంది. అధికారి ముందు కుదిరినది ఆ ఫ్యాక్టరీలోని కార్మికులందరికీ, యూనియన్‌లో లేనివాళ్లకు కూడా వర్తిస్తుంది. అనుబంధంగా పేర్ల జాబితా ఉండాలి: పేరు, చేరిన తేదీ, సెక్షను, పిలవాల్సిన ఫోన్ నంబరు. రాజీనామా పెట్టినవాళ్ల పేర్లు అందులో ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూడండి. పాత సర్వీసు కలుస్తుందా, సీనియారిటీ ప్రకారమే పిలుస్తారా, ఏ తేదీలోగా, కొత్త యూనిట్ దూరమైతే బస్సు ఎవరిది అన్నవి అంకెల్లో రాయించండి. ఆ జాబితా నకలు కమిటీలో ముగ్గురి దగ్గర ఉంచండి. పని దొరికిన ప్రతి మనిషి పేరు పక్కన తేదీ వెయ్యండి. ఆఖరి పేరు పక్కన తేదీ పడేదాకా కమిటీని రద్దు చెయ్యకండి.